రెండున్నర గ్లాసుల రుచి

కిందటి వారం భాగంలో పెద్దక్కను ఆస్పత్రిలో తూకం మిషను మీద నిలబెట్టి వదిలేసి వచ్చాం. ముల్లు ఎనభై కిలోల దగ్గర ఆగి కదలనంది. తమ్ముడికి కిడ్నీ ఇవ్వాలంటే ఆవిడ డెబ్బై ఆరుకు దిగాలి. ఆ పైన ఉంటే ఇచ్చేవాళ్ళ ప్రాణానికే ముప్పు, నేను కత్తి ముట్టుకోనని పెద్ద డాక్టరు తెగేసి చెప్పాడు. ఎనభై నాలుగు నుంచి ఎనభైకి ఎలాగో దిగింది. అక్కడ బండి ఆగిపోయింది. ఆరు వారాలుగా రోజూ గంట నడక, కొలుచుకు తిన్న తిండి, తిన్న ప్రతి మెతుకూ రాసుకున్న నోటుపుస్తకం. ఏదీ ఆ ముల్లును కదిలించలేదు. అప్పుడే, వెనక వరసలో నిలబడ్డ పదిమందీ వింటుండగా, తమ్ముడి భార్య ఆ మాట అనేసింది.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి వదినా. దొంగతిండి తింటూ ఆయన్నెందుకు చంపుతారు?"

పెద్దక్క తూకం మిషను దిగింది. చెప్పులు తొడుక్కుని, నోటుపుస్తకం తన తిండి లెక్కలు చూసే డైటీషియను బల్ల మీద పెట్టి, ఇంటికి వచ్చేసింది. వచ్చి ఏడ్చిందా అంటే అదీ లేదు. మర్నాడు పొద్దున ఐదింటికి లేచి గంట నడిచి, ఆరున్నరకల్లా క్యాంటీనులో పొయ్యి ముట్టించింది. కార్ఖానాలో మూడు వందల మంది. పన్నెండు కొట్టగానే పళ్ళేలు పట్టుకుని వరస కడతారు. వాళ్ళ ఆకలికి మన ఏడుపుతో పనేముంది?

ఆ వంటింటికి పెద్దక్క ఇరవై ఆరేళ్ళుగా పెద్ద దిక్కు. మోకాళ్ళెత్తు గుండిగలు నాలుగు, పొగ పీల్చే ఫ్యాను ఒకటి, కూరలు తరిగే ఆడవాళ్ళు ఐదుగురు. పెద్దక్క వంటప్పుడు చీర మీద కట్టుకునే ముందుగుడ్డ జేబులో ఎప్పుడూ ఒక చెక్క చెంచా ఉంటుంది. దాని అంచు ఒక పక్కకు అరిగిపోయి, ఆవిడ పెదవి వంపుకు తగ్గట్టు తయారైంది.

ఎనిమిదింటికి గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. ముందు ఆస్పత్రి డైటీషియను. గాలికి ఎగిరిపోయేంత సన్నంగా ఉంటుంది, నోరు తెరిస్తే కేలరీల లెక్క తప్ప మాట రాదు. పెద్దక్కను కలవడానికి ఒకసారి వచ్చి వెళ్ళాక కూరలు తరిగేవాళ్ళు ఆ అమ్మాయికి లెక్కలమ్మ అని పేరు పెట్టేశారు. ఆ వెనక మరదలు, చేతులు కట్టుకుని, మొహం గోడ వైపు తిప్పుకుని.

"ఏం తల్లీ, ఆస్పత్రి మానేసి వంటకి చేరతావా?" అంది పెద్దక్క, లెక్కలమ్మతోనే. మరదలి వైపు చూడలేదు.

"మీ పుస్తకం మూడుసార్లు చదివా పెద్దక్కా. అందులో అబద్ధం ఒక్కటి కూడా కనపడలేదు. అబద్ధం లేని పుస్తకం, దిగని బరువు, రెండూ ఒకచోట ఇమడవు. మీరు రాయనిది ఏదో ఉంది. అది చూడ్డానికొచ్చా."

"నన్ను కూడా రమ్మంది" అంది మరదలు గోడకు చెబుతున్నట్టు. "వచ్చా."

లెక్కలమ్మ ఒక ముక్కాలిపీట లాక్కుని మూలన కూర్చుంది. పావుగంట సేపు పెన్నయినా తీయలేదు, చూస్తూ ఊరుకుంది. ఆ తర్వాత లేచి, కడిగి బోర్లించిన స్టీలు గ్లాసు ఒకటి తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టింది.

"ఈ పూటకి నేను చెప్పినట్టు చెయ్యండి. ఆ చెంచా నోటి దాకా వెళ్ళిన ప్రతిసారీ, నోట్లో వేసుకోకుండా ఈ గ్లాసులో పొయ్యండి. ఉప్పు తెలియాలంటే వేలి కొసన ఒక్క చుక్క చాలు."

"ఎవరికమ్మా పార్సిలు?" అని ఉల్లిపాయలు తరిగే ఆవిడ నవ్వింది. మిగతా నలుగురూ అందుకున్నారు. పెద్దక్క కూడా నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

పప్పు గుండిగలో ఉప్పు వేసి ఒక చెంచా, కలిపాక ఇంకొకటి, పోపు పడ్డాక మరొకటి. బంగాళాదుంప ఉడికిందో లేదో ఒక ముక్క. కూరలో కారం చూసింది, నూనె తేలాక మళ్ళీ చూసింది, దించే ముందు మళ్ళీ చూసింది. పులుపు ఎక్కువైందని కొత్తగా చేరిన ఆవిడ అంటే, ఎంతైందో చూద్దామని రెండు చెంచాలు. పాలలో ఉడికిన తీపి అన్నం అడుగంటకుండా తిప్పుతూ ఐదుసార్లు. ప్రతిసారీ చెయ్యి తనంతట తను నోటి దాకా వెళ్ళేది. సగం దారిలో గుర్తొచ్చి గ్లాసు వైపు తిరిగేది. పది కాకముందే గ్లాసు నిండింది. లెక్కలమ్మ రెండో గ్లాసు పెట్టింది. పదకొండుకు మూడోది పెట్టింది.

పదకొండున్నరకు గుండిగలన్నీ దించేసరికి, గట్టు మీద రెండు గ్లాసులు అంచుదాకా, మూడోది సగం. పప్పు, కూర, నూనె, తీపి అన్నం కలిసిపోయి, పైన ఎర్రటి నూనె పొర కట్టి. వంటింట్లో ఎవరూ నవ్వడం లేదు.

లెక్కలమ్మ తన సంచిలోంచి చిన్న తక్కెడ తీసి తూచింది, వేళ్ళ మీద లెక్కేసింది. "ఆరు వందల పైనే" అంది. "ఆరు వందల ఇరవై అనుకోండి."

"అంటే?"

"ఒంటికి కేలరీ అంటే మీ పొయ్యికి గ్యాసు లాంటిది పెద్దక్కా. మీరు పడుకున్నా, కూర్చున్నా, ఊపిరి పీల్చినా అది ఖర్చవుతూనే ఉంటుంది. ఖర్చయిన దానికన్నా తక్కువ ఇస్తే, ఒళ్ళు తను దాచుకున్న కొవ్వు కరిగించుకుంటుంది. అందుకని రోజుకి ఒక ఐదారు వందలు తగ్గేలా మీకు తిండి కట్టా. మీరు అలాగే తిన్నారు, అలాగే రాశారు. కానీ ఆ తగ్గించిందంతా ఇక్కడ పూడిపోతోంది."

"మరి నా నడకో? గంట నడుస్తున్నా కదమ్మా. చెమట కారిపోతుంది. నడిచింది ఎటు పోయింది?"

"గంట నడకకి కరిగేది రెండొందల పైచిలుకు. మంచిదే, గుండెకి మంచిది, మానద్దు. కానీ..." లెక్కలమ్మ మొదటి గ్లాసు మీద వేలు పెట్టింది. "ఆ గంట నడక ఇదిగో, ఈ ఒక్క గ్లాసు. మిగతా గ్లాసున్నర ఎవరు నడుస్తారు?"

పెద్దక్క ముక్కాలిపీట మీద కూలబడింది. ఆ గ్లాసుల వంక ఒక్కొక్కటిగా చూసింది. ఆకలికి కళ్ళు మసకబారినా గుక్కెడు నీళ్ళు తాగి గట్టెక్కిన రోజులు గుర్తొచ్చాయి. తమ్ముడి కోసం అన్నం పళ్ళెం పక్కకు తోసిన చేత్తోనే, రోజూ ఇంత తిన్నదన్న మాట.

"నేనెప్పుడూ దీన్ని తిండి అనుకోలేదమ్మా" అంది చివరికి. "పని అనుకున్నా. తరిగేవాళ్ళకి కత్తి ఎలాగో నాకు ఇది అలాగ."

"మీరు పని అనుకున్నారు. మీ ఒళ్ళు అలా అనుకోలేదు."

పెద్దక్క చెంచా జేబులోంచి తీసి దాని అరిగిన అంచును బొటనవేలితో తడిమింది. ఈ రుచి చూడటం క్యాంటీనులో నేర్చుకుంది కాదు. అమ్మ పోయేనాటికి పెద్దక్కకు పదిహేను, తమ్ముడికి ఆరు. వాడికి జ్వరమొచ్చి మందు తాగనని మొండికేస్తే, ముందు తను ఒక చెంచా నోట్లో వేసుకుని, "చేదుగానే ఉందిరా చిన్నోడా. చాలా చేదు" అని చెప్పింది. తియ్యగా ఉందని అబద్ధమాడలేదు. ఆ నిజానికే వాడు నోరు తెరిచాడు. ఆ రోజు నుంచి వాడి నోట్లోకి వెళ్ళేది ఏదైనా ముందు ఆవిడ నాలిక మీంచే వెళ్ళింది. ఎవరు ఏం చెప్పినా వాడు పెద్దక్క మొహం చూసేవాడు. అక్క చెబితే నిజం.

మరదలు గట్టు దగ్గరకు వచ్చింది. క్షమించమని అడుగుతుందేమోనని తరిగేవాళ్ళు చెవులు రిక్కించారు. ఆ పిల్లకు ఆ మాటలు రావు. మూడు గ్లాసులూ తీసుకెళ్ళి తొట్టిలో పారబోసి, తోమి, కడిగి, బోర్లించింది. చేతులు తుడుచుకుంటూ అంది.

"మందుల షాపులో నా డ్యూటీ మధ్యాహ్నం రెండుకి. రేపట్నించి పొద్దున్నే వస్తా. ఉప్పు నేను చూస్తా వదినా."

"నీకేం తెలుసే ఉప్పు సంగతి?"

"నేర్పండి."

నేర్పింది. నాలిక కొసకు కాదు, పక్కలకు తగలనివ్వమంది. వేడి మీద ఉప్పు కాస్త తక్కువనిపిస్తే చెయ్యి ఆపెయ్యమంది, చల్లారేసరికి అదే సరిపోతుందంది. మొదటి రోజు ఆ పిల్ల రెండుసార్లు ఉప్పు వేయించింది. కార్ఖానా మొత్తం మధ్యాహ్నమంతా నీళ్ళ పంపు చుట్టూ తిరిగింది. "ఇవాళ వండింది సముద్రమా పెద్దక్కా?" అని గేటు కాపలా ఆయన వచ్చి మరీ అడిగి వెళ్ళాడు. వారం తిరిగేసరికి మరదలి నాలిక పదునెక్కింది. పప్పులో వెల్లుల్లి మాడిందని పెద్దక్క కన్నా ముందే చెప్పింది. పెద్దక్క నోట్లోకి మాత్రం చుక్క వెళ్ళలేదు. మొదట్లో చేతికి పని లేక చెంచా జేబులోంచి తీయడం, మళ్ళీ పెట్టుకోవడం. ఇరవై ఆరేళ్ళ అలవాటు, ఎవరో పక్కనుంచి లేచి వెళ్ళిపోయినట్టుండేది.

వారానికి ముల్లు కదిలింది. ఎనభై కాస్తా డెబ్బై తొమ్మిది. ఆ సాయంత్రం పెద్దక్క గోడకు అటువైపు వాటాలో ఉన్న తమ్ముడి దగ్గరకు పరుగున వెళ్ళి చెప్పింది. తమ్ముడిది గడియారాలు బాగుచేసే పని. వారానికి మూడు రోజులు డయాలిసిస్ మిషను మీద, మిగతా రోజులు కంటికి భూతద్దం బిగించుకుని షాపులో. చెప్పింది విని నవ్వాడు. "మంచిదేగా అక్కా" అన్నాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. డయాలిసిస్ అలసట అనుకుంది పెద్దక్క.

రెండో వారం ముల్లు ఆగిపోయింది. మూడో వారం కూడా అంతే. డెబ్బై తొమ్మిది. వచ్చే నెల మొదట్లో కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే ఆస్పత్రి కమిటీ కూర్చుంటుంది, ఈలోపు దిగకపోతే మళ్ళీ నాలుగు నెలల దాకా పిలుపు లేదు. ఆ నాలుగు నెలలు తమ్ముడి దగ్గర ఉన్నాయో లేవో ఎవరూ నోరు విప్పి అనడం లేదు.

"ఇంకా ఏదో కారుతోంది పెద్దక్కా" అంది లెక్కలమ్మ, పుస్తకం తిరగేస్తూ. "ఇంత ఆగదు. రాయనిది ఇంకేమన్నా ఉందా?"

"ఒట్టు తల్లీ. ఏమీ లేదు."

ఈసారి, షాపుకు సెలవు పెట్టి వెంట వచ్చిన మరదలు ముందుకు వచ్చింది. పెద్దక్క చెయ్యి పట్టుకుని తూకం మిషను మీంచి దింపి, ఆ చెయ్యి వదలకుండా ఇంటి దాకా నడిపించుకు వచ్చింది.

ఇంకా వెలుతురు ఉంది. పెద్దక్క వంటగది బల్ల మీద ఎప్పటిలాగే ఫ్లాస్కు ఉంది. సాయంత్రం పూట పెద్దక్కకు అన్నం లేదు, తమ్ముడు తన చేత్తో చేసి పంపే కూరగాయల సూపే. ఎక్కడెక్కడి వాళ్ళకో వండి వచ్చిన అక్కకు ఒక్క పూటయినా నేను వండి పెట్టాలని పట్టుబట్టాడు. డయాలిసిస్ మిషను మీంచి లేచి వచ్చిన రోజు కూడా మానలేదు. నోటుపుస్తకంలో రోజూ ఒకే వరస: కూరగాయల సూపు, నూనె లేదు, ఎనభై కేలరీలు.

పెద్దక్క గ్లాసులో పోసుకుంది. మిరియాల ఘాటు గుప్పుమంది. తాగబోతూ, మరదలి మొహం చూసి ఆగింది.

"నువ్వు కూడా పొద్దుట్నించీ ఏం తిన్లేదు. ఒక గుక్క తాగు, ముందు."

మరదలు తాగింది. మింగలేదు. క్యాంటీనులో నేర్చుకున్నట్టే నాలిక పక్కలకు తగలనిచ్చి, కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి వాటిలో రంగు మారింది.

"వదినా, ఇది నీళ్ళ సూపు కాదు."

"మిరియాలు దండిగా వేస్తాడులే..."

"మిరియాలు ఎందుకేస్తున్నాడో అడగండి. ఇందులో వెన్న ఉంది. ఒక చెంచా కాదు. పాలపొడి కూడా ఉంది. రెండు వారాల నుంచి మా ఇంట్లో వెన్న డబ్బా ఎందుకు ఖాళీ అవుతుందో తెలియక నా మీద నాకే అనుమానం వేసింది."

పెద్దక్క గ్లాసు లాక్కుని చూసింది. పొద్దంతా గుండిగల ఆవిరికి మొద్దుబారిన నాలిక, ఆకలి మీదున్న కడుపు. ఈమధ్య సూపు బాగా కుదురుతోంది, చిన్నోడి చెయ్యి తిరిగింది అనుకుని మురిసిపోయింది. ఆ మురిపెంలో ఒక్కసారైనా వంటమనిషిలా రుచి చూడలేదు. మాట్లాడుతుండగానే సూపు చల్లారి పైన పసుపు పచ్చని మీగడ పొర కట్టింది.

మరదలు మొహం తుడుచుకోవడానికి చేతిసంచిలోంచి రుమాలు లాగింది. దాంతోపాటు ఒక కవరు సగం బయటకు వచ్చింది. దాని మీద తమ్ముడి చిన్న చిన్న అక్షరాలు, గడియారం చక్రాల పళ్ళలా వరసగా: పెద్ద డాక్టరు గారికి.

"అయ్యో, ఇది ఇవ్వడం మర్చేపోయా" అంది మరదలు. "డయాలిసిస్ టైము మార్చమని రాశాడట. పొద్దున్నే ఇచ్చాడు. ఆస్పత్రిలో మీ గొడవలో పడి..."

మాట పూర్తికాలేదు. గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. కాళ్ళు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. బల్ల మీద గ్లాసును చూశాడు, దాని మీద మీగడను చూశాడు. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"నేనే కలిపా" అన్నాడు.

"ఎందుకురా?" పెద్దక్క గ్లాసును అతని వైపు తోసింది. "నేను పస్తులుండి కరిగించింది నువ్వు తెచ్చి పోశావా? ఎందుకురా చిన్నోడా?"

"మూడు వారాల కిందట పొద్దున నడుస్తూ నువ్వు నా షాపు ఎదురుగా దీపస్తంభం పట్టుకుని కూలబడ్డావు. ఎవరూ చూడలేదనుకున్నావు. ఐదు నిమిషాలకి లేచి, మొహం తుడుచుకుని, మళ్ళీ నడిచావు. నిద్ర పట్టక అప్పటికే షాపుకొచ్చా, సగం ఎత్తిన షట్టరు లోపల నిలబడి చూశా. బయటికి రాలేకపోయా." తమ్ముడు గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "ఆరేళ్ళప్పట్నించి నా ఒంట్లో ఉన్నదంతా నువ్వు పెట్టిందే. ఇప్పుడు నీ ఒంట్లోది కూడా కోసి పెట్టించుకోమంటావా? వద్దక్కా. నువ్వు బరువు దిగకపోతే వాళ్ళే వద్దంటారు, నీ మనసు కూడా నొచ్చుకోదు అనుకున్నా. కానీ నువ్వు ఆగేలా లేవు. అందుకని రాసిచ్చేశా."

"ఏం రాసిచ్చావు?"

"మా అక్క కిడ్నీ నాకొద్దు, ఆవిడ పేరు తీసెయ్యండి అని. సంతకం పెట్టి పంపా. ఈపాటికి డాక్టరు చదివేసి ఉంటాడు. రేపట్నించి నువ్వు నడవక్కర్లేదు." భార్య వైపు తిరిగాడు. "ఇచ్చావు కదా?"

మరదలి చెయ్యి సంచి మీదికి పోయింది. మెల్లగా, ఎవరికీ తెలియనట్టు, కవరును లోపలికి నొక్కింది. ఒక మూల మాత్రం తెల్లగా బయటే ఉండిపోయింది. అది తమ్ముడి వైపు లేదు, పెద్దక్క వైపు ఉంది.

"ఇచ్చేశా" అంది మరదలు.

తమ్ముడు ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. పెళ్ళయి పదకొండేళ్ళు, గడియారం చక్రంలోలా ఆ గొంతులో ఏ పన్ను జారిందో పట్టుకోలేనివాడు కాదు. అక్కడ వెతకడం మానేసి, చిన్నప్పుడు మందు గిన్నె ముందు కూర్చుని చూసినట్టే, పెద్దక్క వైపు చూశాడు.

"అక్కా, నువ్వు చెప్పు. ఇచ్చిందా?"

మరదలు సంచి మీద చెయ్యి అలాగే ఉంచింది. పెద్దక్క చెయ్యి అలవాటుగా పక్కనున్న తన సంచిలోకి పోయి, ఎక్కడికెళ్ళినా వెంట ఉండే చెక్క చెంచాను పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా చేదును చేదనే చెప్పిన నోరది. పెద్దక్క ఆ నోరు తెరిచింది.